ఒక్కరోజూ మూయని రోడ్డు

జూలై 6, సోమవారం

ముందే చెప్పేస్తున్నాను. మా తోడల్లుడంటే నాకు కుళ్ళు. దాచినా లాభం లేదు, ముంజేతికి కట్టిన మనసుకాటా ఎలాగూ పట్టేస్తుంది. రవాణా పర్యవేక్షణ మండలిలో పనిచేసే ప్రతి అధికారీ దీన్ని కట్టుకోవాలి, ఉన్నదున్నట్టు దినచర్య రాయాలి. రాస్తేనే కాటా సరిగ్గా తూస్తుందట. మనుషులెవరూ చదవరని హామీ ఇచ్చారు గనక మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నా పేరు కామేశం. కొత్తరేవు నుంచి ఉప్పలంక విమానాశ్రయం దాకా వెళ్ళే హైవే బాగోగులు నావి. మా అలివేలు చెల్లెలు హైమ. హైమ మొగుడు ప్రభంజన్. విమానాశ్రయం రైలు కట్టింది వాడే. ఎక్కడ కట్టాడు? నా రోడ్డు నెత్తిమీద. నట్టనడుమ పిల్లర్లు లేపి, పొడవునా పట్టాలు పరిచాడు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నా రోడ్డు మీద వాడి నీడే.

నాకున్న గొప్ప ఒక్కటే. పద్దెనిమిదేళ్ళుగా ఈ రోడ్డు ఒక్కరోజు కూడా మూతపడలేదు. తుపానుల్లో తెరిచే ఉంది, సముద్రం లోపలికొచ్చిన ఏడాదీ తెరిచే ఉంది. విమానాశ్రయం బయట అద్దాల గోడ మీద ఎర్రటి అక్షరాల్లో ‘హైవే మూసిన రోజులు: సున్నా’ అని వెలుగుతూ ఉంటుంది. విమానం దిగి బయటికొచ్చిన ప్రతివాడూ అది చూస్తాడు. సన్మానాలు చేసి ప్రభంజన్ చేతికి ఎన్ని బంగారు కడియాలు తొడిగినా ఆ సున్నా మాత్రం నాది.

పొద్దున పీతల్ని వదిలాను. పీతలంటే బీటలు పూడ్చే యంత్రాలు. పక్కకి నడుస్తాయని ఆ పేరు వచ్చింది. ఉప్పుటేరు దగ్గర మూడు పీతలు ఒకే చోట గుమిగూడాయి. మొన్న పూడ్చిన బీటే మళ్ళీ విచ్చింది. తారు పోయించి పంపేశాను.

జూలై 8, బుధవారం

మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనం. ఇద్దరల్లుళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. పెరుగు వడ్డించేటప్పుడు మీగడంతా చిన్నల్లుడి విస్తట్లోకి జారింది. నాకు అడుగున మిగిలిన నీళ్ళు వచ్చాయి.

“పెద్దల్లుడుగారూ, మీ రోడ్డు మీద వచ్చేసరికి నా నడుం పట్టేసిందండి. చిన్నల్లుడుగారి బండిలో అయితే గ్లాసులో మజ్జిగ కూడా తొణకదంట కదా!” అన్నారు అత్తగారు.

నడుం పట్టేసింది రోడ్డు వల్ల కాదు, దారంతా మెడ ఎత్తి పైనున్న పట్టాల్ని చూడ్డం వల్ల. అందామని నోరు తెరిచాను. అలివేలు కాలితో తన్నింది. మూసుకున్నాను.

ప్రభంజన్ చెయ్యి కడుక్కుంటూ, “అన్నయ్యగారూ, పందొమ్మిదో తారీఖు ఆదివారం తొలి బండి. ముందు పెట్టెలో మనవాళ్ళందరికీ సీట్లు చెప్పించేను. అత్తయ్యగారు, వదినగారు, హైమ, పిల్లలు. మీరు కూడా రావాలండి” అన్నాడు.

ఆ ‘కూడా’ దగ్గర ఒళ్ళు మండిపోయింది. వాడేమో నిజంగానే మర్యాదకి అన్నాడు. మొహంలో ఎక్కడా వెటకారం లేదు, అదింకా మంటగా ఉంది. అత్తగారు అప్పుడే ఏ చీర కట్టుకోవాలా అని హైమతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. అలివేలు కూడా మాటల్లో పడిపోయింది. నా భార్య, వాడి బండి ఎక్కడానికి జరీ చీర!

జూలై 9, గురువారం

మా మండలిలో ఎవరి పనికి వాళ్ళు సంతకం పెట్టుకోకూడదు. రైలు బాగుందని రోడ్డువాడు చెప్పాలి, రోడ్డు బాగుందని రైలువాడు చెప్పాలి. సంతకం ఆపినా అది ఫిర్యాదు కిందే లెక్క, దాన్ని కాటా తూస్తుంది. వీటిని బట్టే పైన విమానాలు దిగనిస్తారు. నేల మీద ఎంతమందికి దారి ఉంటే అంతమందినే ఆకాశంలోంచి దింపాలన్నది లెక్క.

ఈ పక్షం తనిఖీలు. ప్రభంజన్ పోయినవారమే నా రోడ్డు చూసిపోయాడు. ఈరోజు వాడి రైలు చూడ్డం నా వంతు. ఒక్క తప్పు దొరికేలా చూడు స్వామీ అని దండం పెట్టుకుని మరీ బయల్దేరాను. స్టేషన్లు చూశాను, అద్దంలా ఉన్నాయి. స్టేషన్ల దగ్గర పట్టాలు చూశాను, వంక పెట్టడానికి వీల్లేదు. పిల్లర్లు ఒక్కొక్కటీ చేత్తో తడుముకుంటూ పోయాను. వెధవది, ఎంత బాగా కట్టాడో!

అరవై ఒకటో పిల్లరు ఉప్పుటేరు ఒడ్డున ఉంది. అక్కడ మళ్ళీ నా పీతలే, అదే బీట మీద తచ్చాడుతున్నాయి. అప్పుడు వంగి చూశాను. బీట తిన్నగా లేదు. పిల్లరు చుట్టూ గుండ్రంగా తిరిగింది. ఇనుప ఊచ తీసి గుచ్చాను. తడి పిండిలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. పైకెక్కి చూస్తే పట్టాల అతుకు ఒకవైపు బిగుసుకుని, రెండోవైపు నోరు తెరుచుకుని ఉంది. పిల్లరు కింద మట్టి లేదు. బండి బరువు పడితే కుంగుతుంది.

నాకు ముందు భయం వేయలేదు. ఆనందం వేసింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు గనక రాస్తున్నాను, పిల్లరు పక్కన నిలబడి గట్టిగా నవ్వాను.

నవ్వు ఆగాక ముందు పెట్టె గుర్తొచ్చింది. అందులో అలివేలు కూర్చుంటుంది.

అక్కడికక్కడే ఫిర్యాదు పంపాను. కాటా గిర్రున తిరిగి తూకం చెప్పింది. ‘భద్రత నూటికి పదకొండు. ఈర్ష్య ఎనభై తొమ్మిది. ఫిర్యాదు నెల రోజులు ఆరబెట్టడమైనది.’

ఆరబెట్టడమంటే పక్కన పడేయడం. మనసులో మంట చల్లారాక కూడా ఫిర్యాదు నిలబడితే అప్పుడు చదువుతారు. తొలి బండి పది రోజుల్లో ఉంది.

జూలై 11, శనివారం

విమానాశ్రయం పక్కనున్న మండలి ఆఫీసుకెళ్ళాను. ఫిర్యాదులన్నీ చూసేది రంగనాయకిగారు. ఆవిడ నన్ను చూడగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అది మంచి శకునం కాదు.

“కామేశంగారూ, ఆయన మీద మీరీ ఏడాది పెట్టినవన్నీ నా దగ్గరున్నాయండి. స్టేషన్ రంగు కళ్ళల్లో పొడుస్తోందని ఒకటి. షెడ్డులో బండి కూత పరీక్షిస్తుంటే అందులో పొగరుందని ఒకటి. కూతలో పొగరేంటండీ?”

“ఈసారి నిజమేనండి. పిల్లరు కింద మట్టి లేదు.”

“ఉండకపోవచ్చు. కానీ కాటా ఒప్పుకోవాలి కదా.”

“మా వాళ్ళెవరి చేతనైనా రాయిస్తానండి.”

“మీ కిందవాళ్ళు రాసింది మీరు రాసినట్టే. పాతరోజుల్లో ఇలాగే ఒకళ్ళ మీద ఒకళ్ళు రాయించుకుని, పడిపోతున్న వంతెనల్ని వదిలేసి కోర్టుల చుట్టూ తిరిగేరు. అందుకే కదా ఈ కాటాలు.”

“పోనీ మీరే ఒక్కసారి పంపండి. మీరు పెద్దవారు.”

ఆవిడ చెయ్యి చాపి తన ముంజేతిని చూపించారు. “నాకూ ఉందండి. మీ మీద జాలిపడి పంపేనని చూపిస్తుంది. అదీ ఆరబెడతారు. మీరు కుళ్ళు లేకుండా రాసి తీసుకురండి, మీ ఎదురుగానే పంపిస్తాను.”

కుళ్ళు లేకుండానట! చొక్కా విప్పి రమ్మన్నట్టు చెప్పింది మహాతల్లి.

జూలై 13, సోమవారం

నిన్నా ఇవాళా అదే పని. కళ్ళు మూసుకుని ప్రభంజన్ గురించి మంచి ఆలోచనలు చేశాను. మా పెద్దదానికి జ్వరం వచ్చినప్పుడు నేను రోడ్డు మీదుంటే, పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది వాడే. మా మామగారు పోయినప్పుడు ఖర్చంతా పెట్టుకుని, ఇద్దరం కలిసి పెట్టామని అందరికీ చెప్పాడు. తాగడు. నా ముందు గొంతు లేపడు. పనివాళ్ళు వాణ్ణి దేవుడంటారు.

అంటే మంచివాడు కూడా! ఏదో ఒకటి నాకు మిగల్చాలా వద్దా?

మళ్ళీ తూచుకున్నాను. ఈర్ష్య తొంభై మూడుకి చేరింది. మంచి ఆలోచనలు మానేశాను.

జూలై 15, బుధవారం

సిగ్గు విడిచి వాడి దగ్గరకే వెళ్ళాను. స్టేషన్లో పూలదండలు కట్టిస్తున్నాడు. పక్కకి తీసుకెళ్ళి చెప్పాను.

“ప్రభంజన్‌గారూ, అరవై ఒకటో పిల్లరు బాగోలేదండి. బండి ఆపించండి.”

వాడి మొహం నల్లబడింది. “అరవై ఒకటా? దానికి నేను పక్కన నిలబడి కాంక్రీటు పోయించేనండి. వంకలేవైనా ఉంటే మీ కల్వర్టులో ఉంటాయి. ముందది చూసుకోండి.”

“నా కల్వర్టుకేం? పద్దెనిమిదేళ్ళుగా...”

“తెలుసండి, ఒక్కరోజూ మూయలేదు. ఊరంతా చెప్పేరు. ఇంక చెప్పక్కర్లేదు.”

వాడు నాతో అలా మాట్లాడ్డం ఇదే మొదటిసారి. నేను వాడి పిల్లర్ని అన్నానని నా కల్వర్టుని అన్నాడనుకున్నాను. తిట్టుకుంటూ వచ్చేశాను.

జూలై 16, గురువారం

కల్వర్టులో ఏమీ లేదని వాడి మొహం మీద కొడదామని బూట్లు వేసుకుని లోపలికి దిగాను. వాననీరు రోడ్డు కిందుగా ఉప్పుటేట్లో కలిసే దారి అది. మోకాళ్ళ లోతు బురదలో వంగి నడిచాను.

సరిగ్గా అరవై ఒకటో పిల్లరు పక్కన అడుగు స్లాబు విరిగింది. నీళ్ళు ఉప్పుటేటికి పోవడం లేదు. ఆ కంతలోంచి పిల్లరు కిందకి దూరి మట్టిని మెల్లగా పట్టుకుపోతున్నాయి. వాడు పిల్లరు బాగానే కట్టాడు. నా నీళ్ళు దాని కాళ్ళ కింద నేల తినేశాయి. పైన మాత్రం పీతలు బీట మీద తారు పోస్తూ వచ్చాయి, నేను సరే అంటూ వచ్చాను. వాడి తప్పుకోసం తల పైకెత్తి చూసిన నేను కాళ్ళ కిందకి చూడలేదు.

కంతలో రాళ్ళు కుక్కాను. నీళ్ళు ఆగాయి. కానీ పోయిన మట్టి పోయినట్టే. ఆదివారం దాకా ఎవరికీ చెప్పకుండా ఉంటే కల్వర్టు సంగతి ఎవడికీ తెలియదు. సున్నా సున్నాగానే ఉంటుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను.

జూలై 17, శుక్రవారం

అలివేలు జాకెట్టుకి హుక్సు కుట్టుకుంటోంది. “ఆదివారం బండి ఎక్కకు” అన్నాను.

సూది ఆపలేదు. “ఇదీ కుళ్ళేనా అండి?”

“కుళ్ళే. కానీ ఎక్కకు. పిల్లరు కుంగుతుంది. అత్తయ్యగారికి ఏదో ఒకటి చెప్పి ఆపు. హైమనీ పిల్లల్నీ కూడా.”

అప్పుడు సూది ఆపింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను అబద్ధం చెబితే దీనికి ఏ కాటా అక్కర్లేదు. జాకెట్టు పక్కన పెట్టేసింది.

“నిజవేనన్నమాట. మరి నిజవైతే మమ్మల్ని మాత్రం దింపడవేంటండి? బండినిండా జనం ఉంటారు. వాళ్ళెవరికీ ఇళ్ళూ వాకిళ్ళూ లేవా?”

“ఫిర్యాదు ఆరబెట్టారు. నా చేతిలో ఏముంది?”

“మీ చేతిలో రోడ్డుంది కదా!”

అది నాకు తట్టకేం? నిన్నటి నుంచీ అదే తడుతోంది. కింద రోడ్డు మూసేస్తే పైన జనంతో బండి నడవకూడదు. ప్రమాదం జరిగితే అంబులెన్సులు ఎక్కడానికి రోడ్డుండాలని నిబంధన. పరాయివాళ్ళ మీద ఫిర్యాదు తూస్తారు గానీ, నా రోడ్డు బాగోలేదని నేనే అంటే ఎవరూ తూయరు. తనమీద తను కుళ్ళుకునేవాడు ఉండడు కదా.

అలివేలు లేచి జాకెట్టు తీసి పెట్టెలో పెట్టేసింది.

జూలై 18, శనివారం

పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్ళి అద్దాల గోడకి ఎదురుగా నిలబడ్డాను. కాటా దగ్గర నోరు పెట్టి చెప్పాను. “ఉప్పుటేరు దగ్గర నా కల్వర్టు విరిగింది. రోడ్డు కింద నేల గుల్లయింది. హైవే మూస్తున్నాను.”

తూకం వేయలేదు. ఒక్క మాట అడగలేదు. పద్దెనిమిదేళ్ళ సున్నా ఠక్కున పోయి ఒకటి వచ్చింది. పక్కన ఎవరో పిల్లాణ్ణి తిడుతున్నారు, ఇంకెవరో కాఫీ తాగుతున్నారు. ఒక్కడూ తల ఎత్తి చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. స్తంభం చాటుకెళ్ళి ఏడ్చాను.

తర్వాత గొడవ మొదలైంది. రోడ్డూ లేదు, రైలూ లేదు గనక విమానాల్ని దిగనివ్వలేదు. నెత్తిమీద గుండ్రంగా తిరిగి తిరిగి వేరే ఊళ్ళకి పోయాయి. రంగనాయకిగారు ఫోన్ చేసి, “ఎంత పని చేసేరండీ! ఆకాశ శాఖవాళ్ళు నన్ను నమిలేస్తున్నారు. మీ ఉద్యోగానికి నేను పూచీ కాదు” అన్నారు.

మధ్యాహ్నం ప్రభంజన్ వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎన్నేళ్ళనించో నన్ను ‘అన్నయ్యగారూ’ తప్ప వేరేగా పిలవనివాడు రోడ్డు మధ్యలో నిలబడి అరిచాడు.

“ఒక్కరోజు ఆగలేకపోయారా కామేశంగారూ! నా పండగ చెడగొట్టడానికి మీ సొంత రోడ్డే మూసేసుకున్నారా! ఇంత కుళ్ళా మనిషికి!”

“ఇంతే” అన్నాను. “మూసిన రోడ్డు మీద మళ్ళీ జనంతో బండి నడపాలంటే ముందు మనుషుల్లేని ఖాళీ బండి నడిపి చూడాలి. నిబంధన ఉంది. నడిపి చూడండి.”

“నడుపుతాను. రేపు పొద్దున్నే ఇసక బస్తాలతో నడుపుతాను. నడిచాక మీ సంగతి చెబుతాను.”

జూలై 19, ఆదివారం

డ్రైవరు లేకుండా, మనుషుల బరువుకి సరిపడా ఇసక బస్తాలు వేసి బండిని వదిలారు. కూత వేసుకుంటూ వచ్చింది. నేనూ వాడూ మూసిన రోడ్డు మీద దూరంగా నిలబడ్డాం.

అరవై వరకూ బాగానే వచ్చింది. అరవై ఒకటి మీదకి ముందు పెట్టె రాగానే కింద ఏదో విరిగినట్టు చప్పుడైంది. పిల్లరు నిలువెత్తు మనిషి లోతుకి దిగబడింది. పట్టాలు వంగాయి, ముందు పెట్టె తలకిందులుగా ఉప్పుటేటిలోకి జారింది. బస్తాలు పగిలి ఇసక నీళ్ళలోకి ధారగా పడుతూనే ఉంది.

ముందు పెట్టె. అత్తగారు, అలివేలు, హైమ, హైమ పిల్లలు కూర్చోవలసిన పెట్టె.

ప్రభంజన్ రోడ్డు మీద చతికిలబడిపోయాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఇచ్చాను. తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు. గెలిస్తే అందామని నిన్న దాచుకున్న మాటలన్నీ వదిలేశాను.

జూలై 24, శుక్రవారం

ఊరంతా ప్రభంజన్ పేరే. ఖాళీ బండి నడిపి జనాన్ని కాపాడిన మహానుభావుడట! విరిగిన కల్వర్టు మాత్రం నా పేరు మీద రాశారు. అత్తగారు పొద్దున ఫోన్ చేసి, “చిన్నల్లుడుగారు ముందు జాగ్రత్త పడ్డారు కాబట్టి సరిపోయింది. లేపోతే ఏవైపోయేవాళ్ళం నాయనా! మీరు కూడా రోడ్డు కాస్త చూసుకుంటూ ఉండండి” అన్నారు. కాటా వంక చూడలేదు. వంద దాటి ఉంటుంది.

అలివేలు అవతల గదిలోంచి విని, ఫోన్ లాక్కుని, “అమ్మా, నోర్మూసుకో” అంది. పెళ్ళయ్యాక తను తల్లిని అలా అనడం చూళ్ళేదు. కొంచెం చల్లబడ్డాను.

మండలి విచారణకి పిలిచారు. రంగనాయకిగారు ఆరబెట్టిన ఫిర్యాదులు రెండు తెర మీద పక్కపక్కన పెట్టి నన్ను చదవమన్నారు. ఒకటి నాది. అరవై ఒకటో పిల్లరు కింద మట్టి లేదు.

రెండోది నాకంటే వారం ముందు వచ్చింది. అరవై ఒకటో పిల్లరు దగ్గర హైవే కల్వర్టు విరిగింది, వెంటనే మూయాలి. పంపినవాడు ప్రభంజన్. తూకం: భద్రత తొమ్మిది, ఈర్ష్య తొంభై ఒకటి.

“తొంభై ఒకటా?” అన్నాను.

“మీకంటే రెండెక్కువ” అన్నారు రంగనాయకిగారు నీరసంగా. “ఇద్దరూ ఒకే కంత చూసేరు. ఇద్దరూ నిజవే రాసేరు. ఇద్దరివీ నేనే ఆరబెట్టేను.”

ప్రభంజన్ మూల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. “నా మీద మీకు కుళ్ళేమిటండీ? మీకేం తక్కువ?”

వాడు తల ఎత్తలేదు. “రోజూ ఆ అద్దాల గోడ కిందనించే ఆఫీసుకెళ్ళాలి కదండీ. నేనేం కట్టినా, నాకెన్ని దండలు వేసినా, జనం ఆగి చూసేది మీ సున్నానే. మా పిల్లలు కూడా పెదనాన్న సున్నా, పెదనాన్న సున్నా అంటారు. నాకు నిద్ర పట్టేది కాదు అన్నయ్యగారూ.”

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. ఆ మీగడ, ఆ కడియాలు, ఆ బండి కూత, అన్నీ ఉన్నవాడు నన్ను చూసి నిద్రపోలేదట! లేచి వాణ్ణి కావలించుకుందామనిపించింది. కావలించుకున్నాను కూడా. వాడు ఏమనుకున్నాడో, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకునే బయటికొచ్చాం. అద్దాల గోడ వైపు చూశాం. రోడ్డింకా తెరవలేదు. మూసిన రోజులు: ఏడు. వాడు మెల్లగా నా చెయ్యి వదిలేసి తన కారు వైపు వెళ్ళిపోయాడు. నన్ను చూసి ఇన్నాళ్ళూ ఒక మనిషి కుళ్ళుకున్నాడని తెలిసేసరికి, ఇంక ఎవరైనా కుళ్ళుకోవడానికి నా దగ్గర ఆ సున్నా కూడా మిగల్లేదు.